గీత దాటిన గుర్రం

పొద్దున్నే కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, చేతులకంటిన ముగ్గుపిండి కూడా కడుక్కోకుండా కొండమ్మ వీధి మొగలో నిలబడేది. రాచర్ల వైపు నుంచి పాల్ రాజు ఆటో పాలక్యాన్లతో, గిద్దలూరులో పనులున్న మనుషులతో కిక్కిరిసి వచ్చేది. వంక దగ్గర మలుపు తిరగ్గానే అతను హారను కొట్టేవాడు. ఆటో ఆగీ ఆగకముందే తల బయటపెట్టి, కొండమ్మ వాళ్ళన్న కాటమరాజు చెప్పి పంపిన చదరంగపు ఎత్తు చెప్పేవాడు. కొండమ్మ తలూపి లోపలికి పోయేది. సాయంత్రం అదే ఆటో వెనక్కి పోయేటప్పుడు తన ఎత్తు చెప్పి పంపేది.

ఇప్పుడు ఆ వేళకు ఆమె పెరట్లో ఉంటోంది. రాత్రి అంట్లు ముందరేసుకుని కొళాయి మొత్తం తిప్పేస్తోంది. ఆ చప్పుడులో హారను వినపడదు. అంత కష్టపడనక్కర లేదు, పాల్ రాజు హారను కొట్టడం మానేశాడు. కాటమరాజును మట్టి చేసి వచ్చినప్పటి నుంచి ఆ మలుపులో ఆటో నెమ్మది చేయకుండానే వెళ్ళిపోతోంది.

కాటమరాజు పేరున్న మనిషి కాదు. రాచర్ల దాటి కొండవైపు పోయే దారిలో వాళ్ళ ఊరు. కాస్త చేను, ఒక గొర్రెల మంద, భార్య భాగ్య. ఏ దుకాణానికి పోయినా బెంచీ వదిలేసి కింద గొంతుక్కూర్చునేవాడు. నవ్వకూడని చోట నవ్వేవాడు. పంచాయితీలో పెద్దమనుషులు గొంతు చించుకుంటుంటే ఇతనికి నవ్వు ఆగేది కాదు. దానికే చాలామందికి కోపం. వానల్లేక మంద చాలావరకు పోయిన ఏళ్ళలో మార్కాపురం వెళ్ళి పలకలు కోసే పనిలో కుదిరాడు. నోట్లో, ముక్కులో, కంటి రెప్పల మీద అదే రాతిదుమ్ము. తిరిగి వచ్చేటప్పుడు కాసిన్ని గొర్రెలు కొనుక్కోగలిగాడు గానీ, దగ్గు కూడా వెంట వచ్చింది. ఆ పలకల కొట్టు దగ్గర పారేసిన ముక్కలు ఏరుకొచ్చి చదరంగం కాయలు చెక్కుకున్నాడు. గుర్రాలకు చెవులు చెక్కబోతే విరిగాయి. అందుకని అతని గుర్రాలన్నిటికీ ఒక్కటే చెవి.

ఆట వాళ్ళ నాయన నేర్పింది. కొండమ్మను మూడో తరగతిలో ఉండగా బడి మాన్పించి పిల్లగొర్రెల వెంట పంపారు. మధ్యాహ్నం గొర్రెలు నీడకు చేరితే నాయన బండ మీద బొగ్గుతో గళ్ళు గీసి, అన్నాచెల్లెళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. గులకరాళ్ళు బంట్లు, గొర్రెపెంటికలు గుర్రాలు.

ఆ ఆట బడిలో నేర్పే ఆటలాంటిది కాదు. ముందు కోట కట్టుకోవాలి. ఎవరి సగంలో వాళ్ళు వంతుకొక ఎత్తుగా బంట్లను, ఏనుగులను, ఒంటెలను తమకు నచ్చినట్టు సర్దుకుంటారు. ఎన్నాళ్ళైనా సర్దుకోవచ్చు. ఎవరి కాయా నడిమి గీత దాటనంతవరకు చంపుకోవడం లేదు. ఎవరు మొదట దాటితే అప్పుడు మొదలవుతుంది యుద్ధం. అయితే అలా మొదట దాటి వచ్చిన కాయను వెంటనే చంపకూడదు. ఎదుటివాళ్ళు ఆ ఒక్క వంతు తమ కాయలేవీ కదపకుండా "నీళ్ళిచ్చినా" అనాలి. ఆ తర్వాతే ఏదైనా.

"ఇదేంది నాయనా, చంపేదానికి వచ్చినోడికి నీళ్ళా?" అని చిన్నప్పుడు కొండమ్మ అడిగింది.

"మన మందలోకి నడిచొచ్చినోడు పగోడే కానీ, ముందు దప్పిక తీర్చాల" అన్నాడు నాయన. "కొట్లాట యాడికి పోతాదిమే, ఆడనే ఉంటాది."

పెళ్ళై గిద్దలూరు వచ్చాక కొండమ్మ ఆట మరిచిపోయింది. భర్త బ్రహ్మం కట్టెల డిపోలో పని. ఒక్కతే కూతురు, హేమలత. కాటమరాజు వచ్చినప్పుడల్లా మేనకోడలికి రేగుపళ్ళో, సీతాఫలాలో కండువాలో మూటగట్టి తెచ్చేవాడు.

మాటలు తెగింది హేమలత ఓణీల ఫంక్షన్ నాడు. మేనమామ బట్టలు తేవాలి, పిల్ల చెయ్యి పట్టుకుని కుర్చీ దగ్గరకు తీసుకురావాలి. ముహూర్తం దగ్గర పడింది. కాటమరాజు రాలేదు. ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. బ్రహ్మం వైపు పెద్దావిడ ఒకామె అందరికీ వినపడేట్టు, "గొర్రెలే మేనకోడళ్ళేమో లేమ్మా ఆయనకు" అంది. షామియానా కింద ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు కొండమ్మకు ముల్లులా దిగింది. వరసకు అన్నయ్యే రంగయ్యను లేపి, "నువ్వు రా అన్నా" అని కుర్చీ దగ్గరకు పంపించేసింది.

భోజనాలు వడ్డిస్తుండగా కాటమరాజు వచ్చాడు. పంచె మోకాళ్ళదాకా మట్టి. చేతుల్లో కొత్త స్టీలు పళ్ళెం, అందులో ఆకుపచ్చ పట్టు ఓణీ, పసుపు, కుంకుమ, గాజులు. ముందురోజు రాత్రి మంద మీద చిరుత పడింది. చెదిరిన గొర్రెలను పొద్దెక్కేదాకా కొండ పక్కల ఏరుకున్నాడు. ఆ సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

"వచ్చినావా? రేపు రాకపోయినావా?" అంది కొండమ్మ గడపలోనే నిలబడి.

"కుర్చీ నిండినట్టుందే."

"నిండకేం? నీ కోసరం ముహూర్తం ఆగి కూర్చుంటాదా?"

అతను పళ్ళెం అరుగు మీద పెట్టాడు. హేమలత పావడా కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చి చెంబుతో నీళ్ళిచ్చింది. అతను చెంబు వైపు చూశాడు, చెయ్యి చాపలేదు. "దప్పిక లేదులే తల్లీ" అని, కండువా నెత్తిన వేసుకుని, ఆ ఎండలోనే తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొండమ్మ కలిసినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పింది. "మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయినాడు. ఆయన వస్తే గదా నేను పొయ్యేది." అక్కడ కాటమరాజు, "పిలిస్తే గదా నేను పొయ్యేది" అన్నాడని తెలిసింది. చిరుత సంగతి కూడా కొన్నాళ్ళకే ఆమె చెవిన పడింది. మనసు చివుక్కుమంది. అయినా వెళ్ళలేదు. అప్పటికి అనాల్సిన మాటలన్నీ అనేసి ఉంది మరి, వాటిని ఎలా మింగడం? ఫోనులో అన్న నంబరు ఉంది. తల్లికి చదవడం నిదానమని హేమలత ఆ నంబరుకు గొర్రె బొమ్మ పెట్టింది. కొండమ్మ ఆ గొర్రెను చూసి చూసి ఫోను పక్కన పెట్టేసేది.

అలా చాలాకాలం పోయాక ఒక పొద్దున పాల్ రాజు ఆటో మొదటిసారి వీధి మొగలో ఆగింది.

"అక్కా, మీయన్న ఒక మాట చెప్పమన్నాడు. మాట కాదులే, ఎత్తంట. మంత్రి ముందరి బంటు ఒక గడి జరిపినాడంట."

కొండమ్మ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. "ఇంకేమన్నాడు?"

"ఇంకేం అడగొద్దు. ఎత్తు తప్ప ఇంకో మాట అటుదిటు, ఇటుదటు మోయనని నాతో ఒట్టేయించుకున్నాడు. మోస్తే నా ఆటో ఎక్కడంట. మందకు తవుడు బస్తాలన్నీ నా బండి మీదనే పోతాయి, నా పొట్ట కొట్టొద్దు."

కొండమ్మకు నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత అన్న మీద వచ్చిన నవ్వు. హేమలత బడికి కొన్న ప్లాస్టిక్ కాయల పెట్టె వెతికి తీసి, అట్టను వంటింట్లో బియ్యం డ్రమ్ము మీద పరిచింది. సాయంత్రం తను కూడా ఒక బంటు జరిపినట్టు చెప్పి పంపింది.

అదీ మొదలు. పొద్దున అతని ఎత్తు, సాయంత్రం ఆమె ఎత్తు. బియ్యం తీయాల్సినప్పుడల్లా కొండమ్మ అట్టను కాయలు చెదరకుండా రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టి, మళ్ళీ డ్రమ్ము మీదికి చేర్చేది. "అన్నం అడగాలంటే భయంగా ఉండాది, యాడ రాజు కింద పడతాడో అని" అనేవాడు బ్రహ్మం.

కోటలు లేచాయి. కాటమరాజు రాజును మూలకు చేర్చి బంట్లతో దడి కట్టాడు. కొండమ్మ అంతకంటే గట్టిగా కట్టింది. సర్దాల్సినవన్నీ సర్దుకోవడం అయిపోయాక కూడా ఇద్దరూ ఆపలేదు. అతను ఏనుగును ఒక గడి ఇటు జరిపితే, ఆమె ఒంటెను ఒక గడి అటు జరిపేది. మర్నాడు అతను ఏనుగును వెనక్కి తెచ్చేవాడు, ఆమె ఒంటెను వెనక్కి తెచ్చేది. అట్ట మీద నడుమ గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. గీత ఎవరూ దాటడం లేదు.

దాటితే ఏమిటో కొండమ్మకు తెలుసు, అన్నకూ తెలుసు. దాటినవాళ్ళు వాకిట్లోకి నడిచొచ్చినట్టు. ఆయనే రావాలి, అనుకునేది ఆమె. వస్తే ఆ పూటే పాల్ రాజు ఆటో ఎక్కి తను కూడా పోయి వదిన చేతి సంగటి తిని రావాలనుకునేది. ఆకుపచ్చ ఓణీ కట్టించి హేమలతను వెంట తీసుకుపోవాలని కూడా అనుకుంది.

"ఏందక్కా మీ ఆట?" అన్నాడు ఒకరోజు పాల్ రాజు. "నేను ఇల్లు మొదలుపెట్టి స్లాబు కూడా ఏసుకుంటి. మీరింకా గోడలు కడతానే ఉండారు. గృహప్రవేశం ఎప్పుడు?"

"మీ పెద్దాయన్ను అడుగు పో."

"ఆయన్నడిగితే మీ అక్కను అడగమంటాడు. నన్ను మధ్యలో ఫుట్‌బాల్ చేసినారు గదా ఇద్దరూ."

ఆటోలో రోజూ వచ్చే ఆడవాళ్ళకు కూడా ఇది ఒక కాలక్షేపమైంది. "ఈ పొద్దు ఏనుగా, ఒంటెనా?" అని పందేలు కట్టుకునేవాళ్ళు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున పాల్ రాజు ఆటో ఆపి, ఇంజను కూడా ఆపేశాడు. ఎప్పుడూ ఆపడు.

"అక్కా, దాటినాడు."

"ఎవురు?"

"ఎవురేంది, మీయన్నే. ఎడమ గుర్రం. గీత దాటొచ్చి నీ ఒంటె బంటుకు ఏటవాలుగా నిలబడిందంట."

వెనక సీటులో ముసలామె, "అబ్బ, కదిలినారా నాయనా! నేను పొయ్యేలోపల చూస్తానో లేదో అనుకుంటి" అంది. అందరూ నవ్వారు.

కొండమ్మ లోపలికి పరుగెత్తింది. నల్ల గుర్రాన్ని ఎత్తి గీత ఇవతల పెట్టింది. పెట్టాక చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. దగ్గుకుంటూ, కండువా నెత్తిన వేసుకుని, అన్న ఎండలో నడిచొచ్చి వాకిట్లో నిలబడినట్టే ఉంది. నాలుక చివర "నీళ్ళిచ్చినా" అన్న మాట సిద్ధంగా ఉంది.

హేమలత జడ అల్లుకుంటూ వచ్చి తొంగి చూసింది. "గుర్రం ఊరికే వచ్చిందే! బంటుతో కొట్టెయ్ మా."

"కొట్టకూడదు. ముందు నీళ్ళియ్యాల."

"ఏంది, గుర్రానికా?" పిల్ల పకపకా నవ్వింది. "అసలు ఆటలో అట్లాంటివి లేవు మా. మా బళ్ళో ఎవురన్నా అట్ల అంటే తరిమి కొడతారు."

పిల్ల మాటలో తప్పేమీ లేదు. కానీ నీళ్ళు అన్న మాటకు కొండమ్మకు వేరేది గుర్తుకొచ్చింది. చాపిన చెంబు, చాపని చెయ్యి, షామియానా కింద నవ్వులు. సంతోషం ఉన్నచోటే ఎక్కడి నుంచో కోపం ఊరింది. ఆ రోజు నా నీళ్ళు పనికిరానోడికి ఈ రోజు కావాల్సొచ్చినాయా, అనుకుంది. ఒక్క దెబ్బ తగలనీ, ఆ తర్వాత చూద్దాం అనుకుంది. అన్నాచెల్లెళ్ళ మధ్య తర్వాత అనేది ఎప్పుడూ ఉంటుందన్న ధైర్యం.

సాయంత్రం ఆటో ఆగగానే, "బంటుతో గుర్రాన్ని చంపినానని చెప్పు" అంది.

పాల్ రాజు మొహం మారింది. వాళ్ళ ఆట కట్టుబాట్లు అప్పటికి అతనికి వాళ్ళతో సమానంగా తెలుసు. "చంపినావా? నీళ్ళు?"

"నీళ్ళూ లేవు, ఏం లేవు."

"అక్కా, ఇంకొకసారి అనుకో. పొద్దున చెప్పి పంపేటప్పుడు ఆయన మొహం నువ్వు చూడలా. చిన్నపిల్లోని మాదిరి ఉండాడు."

"ఎత్తు తప్ప ఇంకో మాట మోయనని ఒట్టేసినావు గదా? ఎత్తు మోసుకుపో."

అతను బండి తీశాడు.

మర్నాడు పొద్దున కొండమ్మ ఎప్పటికంటే ముందే వీధి మొగలో ఉంది. పాల్ రాజు తలూపాడు, లేదని. ఆ మర్నాడూ లేదు. "ఏమన్నా అన్నాడా?" అని ఉండబట్టలేక అడిగింది.

"ఎత్తేం చెప్పలేదక్కా."

"అది కాదు, ఏమన్నా అన్నాడా?"

"ఒట్టు నువ్వే గుర్తుచేసినావు గదా అక్కా" అన్నాడు అతను. కోపంగా కాదు, దిగులుగా.

ఆలోచించుకుంటున్నాడనుకుంది మొదట. తర్వాత అలిగాడనుకుంది. ఇంకొన్నాళ్ళకు తనకే లోపల తొలవడం మొదలైంది. చంపిన గుర్రాన్ని ఉప్పు జాడీ పక్కన పెట్టి ఉంచింది. కూరలో ఉప్పు వేసేటప్పుడల్లా కనపడేది. దాన్ని తిరిగి గళ్ళోకి పెట్టేసి, నీళ్ళిచ్చినానని చెప్పి పంపితే? ఆడిన ఎత్తును వెనక్కి తీసుకోవడం ఆటలో ఉందా? నాయన అది చెప్పలేదు. అయినా వంతు ఆయనది. ఆడాల్సింది ఆయన. ఏదో ఒకటి ఆడనీ, దాన్ని బట్టి చూద్దాం. అలా రోజులు పోయాయి. ఫోనులో గొర్రె బొమ్మ మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేసిన రోజులు కూడా ఉన్నాయి.

తొలకరి పడిన పొద్దున పాల్ రాజు హారను కొట్టలేదు. ఆటో దూరంగా ఆపి, దిగి, నడిచి గుమ్మం దాకా వచ్చాడు.

"తెల్లవారుజామున ఊపిరి అందలేదంటక్కా" అన్నాడు. ఆటోలో ఆ రోజు పాలక్యాన్లు లేవు. ఆమెను తీసుకుపోవడానికే వచ్చాడు.

మట్టి రోజు జనంలో ఆమె ఏమీ చూడలేదు. మొహం చూసింది, అంతే. పెద్దదినం నాడు మళ్ళీ వెళ్ళింది. బంధువుల భోజనాలు అయ్యాక భాగ్య ఆమెను చెయ్యి పట్టుకుని బయటి అరుగు మీదికి తీసుకొచ్చింది. అరుగు మూల ఒక గంప బోర్లించి ఉంది.

"చూడు" అని భాగ్య గంప ఎత్తింది.

నాపరాయి మీద సున్నంతో గీసిన గళ్ళు. పలకరాతి కాయలు. అతని కోట, ఆమె కోట. గీత దాటి ఒంటిచెవి గుర్రం ఇంకా నిలబడే ఉంది.

"వదినా, దీన్ని నేను చంపినా గదా" అంది కొండమ్మ. "పాల్ రాజు చెప్పలేదా?"

"చెప్పకేం? ఆ సాయంత్రమే చెప్పినాడు. నాకైతే ఒళ్ళు మండింది. చాలించు నీ ఆట, ఎత్తి దిబ్బలో ఎయ్యి అంటి. మీయన్న నవ్వినాడు. నవ్వకూడని చోట నవ్వేది అలవాటే గదా. 'అది కోపంలో ఆడిన ఎత్తే. మా నాయన ఆటలో అట్లాంటిది లేదు, అది లెక్కలోకి రాదు. కోపం దిగినంక మళ్ళీ చెప్పి పంపుతాది' అన్నాడు. గుర్రాన్ని ఎవుర్నీ ముట్టనియ్యలేదు."

కొండమ్మ గోడకు చేరబడింది. "మరి నాకు ఆ మాట చెప్పి పంపకూడదా?"

"ఏమని పంపుతాడు? వంతు నీదనుకుంటాంటే." భాగ్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రోజూ ఆటో వచ్చే పొద్దుకు రోడ్డు మీదికి పొయ్యేటోడు. కాస్త దూరానికే రొప్పుతాడు, అయినా పొయ్యేటోడు. లేదన్నా, అంటాడు పాల్ రాజు. తిరిగొచ్చేటోడు. ఫోను తీసి ఒక మాట అడగరాదా, నీ నోట్లో ముత్యాలేమన్నా రాలతాయా, అని నేను అరిచేదాన్ని. 'గుర్రం పోయి దాని వాకిట్లో నిలబడింది, ఇంకేం అడగాల' అనేటోడు."

కొండమ్మకు ఆ రోజులన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇక్కడ అన్న రోడ్డు మీద, అక్కడ తను వీధి మొగలో. అదే ఆటో కోసం. ఎదుటివాళ్ళ వంతని ఇద్దరూ. మధ్యలో పాల్ రాజు ఇద్దరికీ లేదు, లేదు అని చెప్పుకుంటూ, నోరు తెరవలేక.

"నువ్వు ఆ ఒక్క మాట అంపించింటే..." అని భాగ్య మొదలుపెట్టి, కొండమ్మ మొహం చూసి ఆపేసింది. "పోనీలే. నేను మాత్రం ఏం ఉద్ధరించినా? నేనన్నా ఆటో ఎక్కి వచ్చి నిన్ను నాలుగు తిట్టుంటే అయిపోయేది. నాకూ రోషమే." కాసేపు ఇద్దరూ ఏడ్చారు. తర్వాత భాగ్యే లేచింది. "సున్నం కొట్టేటోళ్ళు వస్తారు. ఆ కాయలు సంచిలోకి ఎత్తి, గళ్ళ మీద పేడతో అలికెయ్ అమ్మాయ్. నాకు చేతులు రావు."

దండేనికి తగిలించిన గుడ్డసంచి తీసి కొండమ్మ ఒళ్ళో వేసి లోపలికి పోయింది.

కొండమ్మ సంచి పక్కన పెట్టి లేచింది. విస్తళ్ళు ఎత్తింది. పెద్ద డేగిసాలు బూడిదతో తోమింది. తొట్టి కడిగింది. వాకిలి ఊడ్చింది, పేడనీళ్ళతో అరుగు ఆ చివర నుంచి ఈ చివరకు అలుక్కుంటూ వచ్చింది. గళ్ళ దాకా వచ్చాక చెయ్యి ఆపింది. సున్నం కొట్టేవాళ్ళు బకెట్లతో వచ్చి, "ఈ మూల తీస్తావా అమ్మా?" అని అడిగారు.

"ఆ పక్క మొదలుపెట్టండి" అంది.

రోడ్డు మీద ఆటో వచ్చి ఆగింది. చావింటి నుంచి పోతూ పోయొస్తానని చెప్పకూడదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు. లోపలి నుంచి భాగ్య, "అవి ఎత్తినావా అమ్మాయ్?" అని కేకేసింది. కొండమ్మ చేతులు కడుక్కుని, ఖాళీ సంచిని మళ్ళీ దండేనికే తగిలించి, ఆటో వైపు నడిచింది.